కమాన్లు లేని బండి

ఆటోనగర్‌లో ఏ లారీ అయినా ఒక పక్కకి ఒరిగి నడుస్తుంటే దాన్ని నాగుల్ మీరా షెడ్డు ముందుకి తోలుకొచ్చేవారు. డ్రైవరు దిగేలోపే మీరా పదడుగుల దూరంలో నిలబడి, ఒక కన్ను మూసి బండిని చూసి, "ఎడం పక్క, వెనకాల, మూడో పట్టీ" అనేవాడు. విప్పి చూస్తే మూడో పట్టీయే విరిగి ఉండేది. లారీ చట్రానికీ ఇరుసుకీ మధ్య ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించిన ఉక్కు పట్టీల కట్టని కమాన్ కట్ట అంటారు. బరువు మోసేది అదే, గుంటల దెబ్బ కాచేది అదే. ఇరవై రెండేళ్ళుగా మీరాకి అదే లోకం.

ఆ పని అతనికి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఐదో తరగతి అయ్యాక ఒక కొలిమి దగ్గర సమ్మెట కొట్టే పనికి కుదిరాడు. అక్కడి మేస్త్రీ పట్టీని నిప్పుల్లోంచి ఎప్పుడు తీస్తున్నాడో, నూనెలో ఎప్పుడు ముంచుతున్నాడో చూస్తూ రంగుని బట్టి గుర్తుపెట్టుకున్నాడు. మందారం రంగు దాకా ఆగాలి. బంతిపువ్వు రంగు వచ్చిందంటే ఆలస్యమైనట్టే. సుత్తితో తడితే మంచి పట్టీ మోగుతుందనీ, లోపల చిట్లిన పట్టీ మూలుగుతుందనీ చెవితోనే పట్టుకున్నాడు. అందుకని ఎవరైనా పని గురించి ఎక్కువసేపు మాట్లాడితే అతనికి విసుగొచ్చేది. చేసి చూపించమనేవాడు.

అలాంటి మీరా 1997లో ఒక మాట ఇచ్చి ఇరుక్కున్నాడు.

మాట ఇచ్చింది గంగారత్నానికి. ఆమెది కైకలూరు అవతల, కొల్లేరు అంచున ఉన్న ఊరు. యాభై దాటిన మనిషి. చిన్న మడుగుల్లో చేపపిల్లల్ని పెంచి, వానలు పడగానే పెద్ద చెరువుల వాళ్ళకి అమ్మేది. లారీ తారురోడ్డు దాకానే వస్తుంది. అక్కణ్ణించి చెరువు గట్టు మీద మైలున్నర దూరం, పిల్లలున్న నీళ్ళ డ్రమ్ముల్ని నాలుగు చక్రాల బండి మీద పెట్టి ఇద్దరు మనుషులు లాక్కెళ్ళాలి. వానలకి ఎక్కడికక్కడ తెగితే రాళ్ళూ తాటిదుంగలూ పడేసి పూడ్చిన గట్టు అది. నీళ్ళు కాస్త తొణికినా ఫర్వాలేదు, పిల్లలకి గాలి అందుతుంది. బండి ఒరిగి డ్రమ్ము బోర్లాపడితేనే కొంప మునిగినట్టు.

జూన్‌లో మొదటి విడత తీసుకెళ్ళినప్పుడు ఒక డ్రమ్ము పడింది. గంగారత్నం ఆ బండిని లారీలో వేయించుకుని ఆటోనగర్ తెచ్చింది. మీరా నాలుగు చక్రాలకీ చిన్న కమాన్ కట్టలు బిగించి, ఇక ఈ బండి ఒరగదని మాట ఇచ్చి పంపాడు. జూలై మొదటివారంలో ఆమె మళ్ళీ వచ్చింది. బండి ఈసారి ఉయ్యాలలా ఊగి, రెండు డ్రమ్ములు పడ్డాయి.

"ముందు గుంటలో పడి ఒరిగేది తమ్ముడూ. నీ దయవల్ల ఇప్పుడు గుంట అవసరం లేకుండానే ఒరుగుతోంది" అంది గంగారత్నం.

మీరా బండి కిందికి దూరాడు. ఆమె పైన నిలబడే మిగతా సంగతి చెప్పింది. నెలాఖరుకి నలభై ఎకరాల చెరువుకి పిల్లల్ని దించాలి. ఆ చెరువు కామందు ఇదే ఆఖరుసారి అన్నాడు. ఈసారి కూడా గట్టు మీద పారబోస్తే ఆ చుట్టుపక్కల ఏ చెరువు వాళ్ళూ ఆమెని పిలవరు. పిల్లల్ని పెంచడంలో ఆమెకి సాటి లేదని అందరూ ఒప్పుకుంటారు. కానీ మైలున్నర గట్టు దాటించలేనిదాని పెంపకం ఎవరికి కావాలి? పైగా ఆ కామందు వేరే ఊరివాళ్ళతో మాట్లాడుతున్నాడని అప్పటికే చెవిన పడింది. గంగారత్నం బండిని షెడ్డులోనే వదిలి, ఇరవై రోజుల గడువిచ్చి బస్సెక్కింది.

మీరా కట్టకి రెండేసి పట్టీలు ఎక్కువ వేసి చూశాడు. ఊగడం తగ్గింది, ఒరగడం పెరిగింది. తీసేసి చూశాడు. ఒరగడం తగ్గింది, ఊగడం పెరిగింది. ఆ వారమంతా అతని సుత్తి చప్పుడులోనే చిరాకు వినపడుతోందని పక్క షెడ్డు వాళ్ళు అనుకున్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే అంగారకుడి మీద బండి దిగింది.

ఆ వార్త ఆటోనగర్‌కి జక్కయ్య నోటి ద్వారా చేరింది. లారీలకి చెక్క బాడీలు కట్టే మేస్త్రీ ఆయన. అరవైకి దగ్గరపడ్డ మనిషి. రోజూ పొద్దున టీ కొట్టు బల్ల మీద కూర్చుని పేపరు పైకి చదివేవాడు. ఆయన చదివితే అచ్చులో లేని మాటలు కూడా వినపడేవి. ఆరోజు మొదటి పేజీలో పెద్ద ఫొటో. ఎర్రటి నేల, ఎటు చూసినా రాళ్ళు, మధ్యలో ఆరు చక్రాల బుల్లి బండి. అమెరికావాళ్ళ పాత్‌ఫైండర్ నౌక ఏడు నెలలు ప్రయాణం చేసి వెళ్ళిందని, చుట్టూ గాలి సంచులు కట్టుకుని బంతిలా ఎగిరెగిరి పడి ఆగిందని, రేకలు విప్పుకున్నాక దాని కడుపులోంచి రెండడుగుల పొడవున్న ఈ బండి దిగిందని జక్కయ్య చదివాడు. పేరు సోజర్నర్ అట.

"అంగారకుడంటే కుజుడేగా" అన్నాడు టీ కొట్టు వాడు.

"కుజుడే" అన్నాడు జక్కయ్య. "మా మేనకోడలికి కుజదోషం ఉందని మూడు సంబంధాలు పోయినయ్యి. ఎటూ అక్కడే తిరుగుతున్నారు, కొంచెం కనుక్కుని చెబితే బాగుండు."

అందరూ నవ్వారు. మీరా నవ్వలేదు. ఆయన చేతిలో పేపరు లాక్కుని ఫొటో కేసి చూస్తూ ఉండిపోయాడు. బండ్లు చూడ్డం అతనికి కొత్తకాదు. కానీ అన్ని రాళ్ళ మధ్య అంత నిబ్బరంగా నిలబడ్డ బండిని ఎప్పుడూ చూడలేదు. మనం ఇక్కణ్ణించి ఆగు అంటే ఆ మాట అక్కడికి చేరడానికి పది నిమిషాలు పడుతుందని ఇందాక జక్కయ్య చదివింది గుర్తొచ్చింది. అక్కడ బండి ఒరిగితే లేపేవాడు లేడు. తాడు కట్టి ఆటోనగర్‌కి లాక్కొచ్చేవాడు లేడు. అంటే అది ఒరగకుండా చేసినవాడు ఎంత పనివాడై ఉండాలి?

"జక్కయ్యన్నా, దీని కమాన్లు ఎక్కడున్నయ్యి? కనపడట్లేదు" అన్నాడు.

జక్కయ్య రెప్ప వెయ్యకుండా, "కడుపులో దాచారంట. దుమ్ము పడకుండా" అన్నాడు.

మీరాకి మనసు కుదుటపడింది. కమాన్లు లేకుండా బండేమిటి అన్నది అతని లెక్క.

ఆరోజు నుంచి అతను టీ కొట్టుకి అందరికన్నా ముందు చేరేవాడు. ఇవాళ ఎన్ని అడుగులు నడిచింది, ఏ రాయి దగ్గరికి పోయింది అని జక్కయ్యని నిలదీసేవాడు. నాసావాళ్ళు అక్కడి రాళ్ళకి పేర్లు కూడా పెట్టారు. ఒక పెద్ద రాయి పేరు యోగి. ఒకరోజు వెనక చక్రం ఒకటి యోగి మీదికి ఎక్కి బండి ఆగిపోయిందని వార్త వచ్చింది. టీ కొట్టు దగ్గర రెండు జట్లయ్యాయి. యోగి మీద కాలు పెట్టడం అపచారం కాబట్టి ఆగిందని కొందరు, టైరు పంచరై ఉంటుందని కొందరు. మీరాకి మాత్రం ఆ పూట టీ దిగలేదు. ఇంట్లో మనిషి నిచ్చెన మీంచి జారినట్టుంది అతని పరిస్థితి. మర్నాడు బండి మెల్లగా వెనక్కి దిగి మళ్ళీ నడుస్తోందని చదివాక టీ కొట్టు వాడికి కనపడకుండా కళ్ళు తుడుచుకున్నాడు. దుమ్ము పడిందన్నాడు.

ఆ ఫొటోలో చూసింది చూసినట్టు గంగారత్నం బండికి చెయ్యాలని అప్పటికే పని మొదలుపెట్టాడు. ఆరు చక్రాలు కాదు, ఉన్న నాలుగే. ఫొటోలో ఉన్నట్టే ఒక్కో పక్క రెండు చక్రాలని పొడవాటి ఇనుప కమ్మీ కొనలకి బిగించి, కమ్మీ మధ్యలో పిన్ను వేసి, తూగుడుబల్లలా పైకీ కిందికీ ఆడేట్టు చేశాడు. ఆ కమ్మీల మీద, బండి కడుపులో, కమాన్ కట్టలు పెట్టాడు. ఇంత మంచి పని తన జన్మలో చెయ్యలేదనుకున్నాడు. ఆదివారం పొద్దున షెడ్డు ముందు రోడ్డు మీద ఇటుకలూ రాళ్ళూ పరిపించి, డ్రమ్ము నిండా నీళ్ళు పోసి బండి మీద పెట్టి, అందరినీ పిలిచాడు. జక్కయ్య చేతిలో పేపరుతో ముందు వరసలో నిలబడ్డాడు.

బండి మొదటి రాయి దాటింది. రెండో రాయి ఎక్కగానే కమ్మీ ఒక పక్కకి వంగింది, కమాను ఇంకో పక్కకి తన్నింది. డ్రమ్ము పెట్టిన చెక్క పీట ముందుకి వాలి, వెనక్కి లేచి, ఆఖరికి డ్రమ్ముని జక్కయ్య మీద గుమ్మరించింది. ఆయన నెత్తి మీంచి నీళ్ళు కారుతుండగా తడిసిన పేపరు విప్పి చూసుకుని, "కుజదోషం నాక్కూడా ఉన్నట్టుంది" అన్నాడు.

ఆటోనగర్ ఆ నవ్వు ఆపడానికి మధ్యాహ్నం అయింది. మీరా ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుని చెయ్యి పెట్టలేదు. గడువు ఇంకా ఎనిమిది రోజులు. ఆ గట్టు మీద గంగారత్నం మొహం ఎలా ఉంటుందో అతనికి ఇక్కణ్ణించే కనపడుతోంది.

అతని భార్య నఫీసా బట్టలు కుట్టే మనిషి. పేపర్లో జాకెట్టు డిజైను చూసి కత్తిరించగలదు. జరిగిందంతా విని, మీరా జేబులో మడతపెట్టి తిరుగుతున్న ఫొటో తీసుకుని వెలుతురులో పట్టి చూసింది.

"ఇందులో ఆ పట్టీలు ఎక్కడున్నయ్యండీ?"

"లోపల."

"మీరు చూశారా?"

"జక్కయ్యన్న చదివాడు."

"ఇంట్లో ఉప్పెక్కువైందని నేను చెబితే నమ్మరు, నాలిక మీద వేసుకుని చూస్తారు. ఫొటోలో లేనిదాన్ని ఆయన చెప్పాడని పెట్టేశారా?"

మీరా లేచి చొక్కా వేసుకుని నేరుగా జక్కయ్య ఇంటికి పోయాడు. కమాన్లు కడుపులో ఉన్నాయన్న మాట ఏ పేపర్లో, ఏ లైన్లో ఉందో చూపించమన్నాడు. జక్కయ్య తల తుడుచుకుంటూ కాసేపు పాత పేపర్లు తిరగేసినట్టు నటించి, చివరికి ఒప్పుకున్నాడు. "అట్లా ఏం రాయలేదు మీరా. నువ్వు అడిగావు కదా, తెలియదంటే బాగుండదని చెప్పా." తర్వాత, సాధ్యమైనంత మంచి చేద్దామన్నట్టు, నిజంగా రాసిన మాట ఒకటి చదివి వినిపించాడు. ఆ బండి ఎంత జోరుగా పోయినా నిమిషానికి రెండడుగులే.

"ఎంతా?"

"రెండడుగులు. చీమ కూడా దాటేసి పోద్ది."

మీరా అరుగు మీద కూలబడ్డాడు. వీధిలో ఒక ట్రాక్టరు ఆగి ఉంది. దాని ముందు ఇరుసు కేసి చూశాడు. దానికి కమాన్లు లేవు. ఇరుసు మధ్యలో ఒక పిన్ను, అంతే. ఒక చక్రం గట్టు ఎక్కితే ఇంకో చక్రం దిగుతుంది, ట్రాక్టరు తన మానాన తను పోతుంది. ఇరవై రెండేళ్ళుగా ఆటోనగర్‌లో రోజూ పది ట్రాక్టర్లు చూస్తున్నాడు. లారీ నలభై మైళ్ళ వేగంతో గుంటలో పడితే ఆ దెబ్బ కాచడానికి కమాను కావాలి. మనిషి నడకతో పోయే బండికి దెబ్బ ఎక్కడిది? దానికి కావలసింది నాలుగు చక్రాలూ ఎప్పుడూ నేలని వదలకపోవడం. కమాను తీసుకున్న దెబ్బని దాచుకుని తిరిగి తంతుంది. మధ్యలో పిన్ను వేసిన కమ్మీ దాన్ని రెండు చక్రాలకీ పంచేస్తుంది. తను ప్రపంచంలో ఉన్న ప్రతి బండినీ లారీ అనుకున్నాడు.

ఇంటికొచ్చి అట్టముక్కలూ గుండుసూదులతో బుల్లి బండి చేశాడు. ఒక చక్రం కింద అగ్గిపెట్టె పెడితే పిన్ను దగ్గర సగం ఎత్తే లేచింది. బండి నడుము దగ్గరికి వచ్చేసరికి అందులోనూ సగం. అంటే గట్టు మీద నాలుగంగుళాల రాయి డ్రమ్ము దగ్గరికి అంగుళం అవుతుంది. నఫీసా రెండోసారి, మూడోసారి పెట్టి చూసి, బాగానే ఉందిగానీ ఈ పీట ముందుకి వాలిపోతోందేమని అడిగింది. నిజమే. పీటని పట్టుకునేది లేదు. ఆ చిక్కుకి ఫొటోలో జవాబు కనపడలేదు. మీరా రెండు రోజులు కొట్టుకున్నాడు. మూడోరోజు రోడ్డు మీద ఎవరో కావడి మోసుకుపోతుంటే చూసి, పీట వెనకాల అడ్డంగా ఒక బద్ద వేశాడు. మధ్యలో పిన్నుతో పీటకి, రెండు కొనలు రెండు పక్కల కమ్మీలకి బిగించాడు. ఒక కమ్మీ ఎత్తితే రెండోది దిగుతుంది, పీట రెండింటికీ మధ్యస్థంగా నిలబడుతుంది.

అప్పుడు కమాన్ కట్టలు విప్పాడు. పట్టీలు ఒక్కొక్కటే తీసి మూల పేరుస్తుంటే కొంచెం బాధ కలిగింది. కమాన్ల మీరా చేసిన బండికి కమాన్లు లేవని రేపు ఎవరైనా అంటే అననీ అనుకున్నాడు. ఈసారి జక్కయ్య అడక్కుండానే వచ్చి పీటకి కొత్త చెక్కలు వేసి, డ్రమ్ములు జరక్కుండా చుట్టూ అంచు కట్టి ఇచ్చాడు. పని చేస్తున్నంతసేపూ ఒక్క వార్త కూడా చెప్పలేదు.

నెలాఖరున బండితోపాటు మీరా, జక్కయ్య కూడా లారీ ఎక్కారు. గట్టు అవతలి చివర, చెరువు దగ్గర కామందు గొడుగు వేసుకుని నిలబడి ఉన్నాడు. తారురోడ్డు మీద లారీలోంచి దింపుతున్న బండి కింద కమాన్లు లేకపోవడం గంగారత్నం దూరం నుంచే చూసింది.

"ఉన్నవి కూడా పీకేశావా?"

"పీకేశానక్కా."

"మనుషులెవరూ చెయ్యని పని ఇది."

"చేశారు. ఇప్పుడు అంగారకుడి మీద తిరుగుతోంది" అన్నాడు మీరా.

ఆమె అతని మొహంలోకి చూసింది. తాగలేదని రూఢి చేసుకుని, డ్రమ్ములు ఎక్కించమని చెప్పింది. చెప్పిందే గానీ ఒక డ్రమ్ము అంచు పట్టుకునే నడిచింది.

బండి కదిలింది. మీరా బండి ముందు ఒక పక్కగా, వెనక్కి నడుస్తూ, నడుము వంచి, కమ్మీలనే చూస్తున్నాడు. మొదటి రాయి. కుడి కమ్మీ ముక్కు లేపింది, ఎడమది కదల్లేదు, వెనక బద్ద కొంచెం తిరిగింది. డ్రమ్ములో నీళ్ళు తొణికాయి, అంతే. తాటిదుంగ వచ్చింది. నాలుగు చక్రాలూ ఒకదాని తర్వాత ఒకటి, గొర్రెలు గడప దాటినట్టు దాటాయి. గంగారత్నం పట్టుకున్న చెయ్యి ఎప్పుడు వదిలిందో ఆమెకే తెలియదు. జూన్‌లో డ్రమ్ము పడ్డ చోటు దగ్గరపడింది. గట్టు తెగి, ఒక పక్క అడుగు లోతు దిగిపోయి, రాళ్ళు పోసిన చోటు అది. లాగేవాళ్ళు ఆగారు.

"ఆగొద్దు. మెల్లగా, చీమలాగా" అన్నాడు మీరా.

ఎడమ ముందు చక్రం గుంటలోకి దిగింది. వెనక చక్రం పైనే ఉంది. కమ్మీ ఏటవాలుగా నిలబడింది. పీట ఒక వేలు మందం వాలి, అక్కడే ఆలోచిస్తున్నట్టు ఆగి, బద్ద తిరగ్గానే మళ్ళీ సర్దుకుంది. చూడాలని ఎన్ని రోజులనుంచో అనుకుంటున్నది మీరాకి ఇప్పుడు కళ్ళెదుట, చేతికందే దూరంలో జరుగుతోంది. ఇంకా బాగా చూడాలని ఒక అడుగు వెనక్కి వేశాడు, తర్వాత ఇంకో అడుగు. మూడో అడుగు కింద గట్టు లేదు.

చెరువులో పడ్డ చప్పుడుకి అందరూ అటు తిరిగారు. నడుము లోతు నీళ్ళలోంచి మీరా తల పైకొచ్చింది, నెత్తి మీద నాచుతో.

"నన్ను చూడకండి. బండి ఆపొద్దు."

బండి ఆగలేదు. గండి దాటింది, అక్కణ్ణించి పది బారల్లోనే ఉన్న గట్టు చివరిదాకా పోయింది. గంగారత్నం డ్రమ్ముల్లోకి చెరువు నీళ్ళు కొంచెం కొంచెంగా కలిపి, పిల్లలు అలవాటు పడ్డాక, చెయ్యి లోపలికి పోనిచ్చి చూసింది. వేళ్ళ మధ్య చురుగ్గా, దోసెడు వెండి ముక్కల్లా కదులుతున్నాయి. ఒక్కో డ్రమ్మునీ వంచి చెరువులోకి వదిలింది. ఆఖరి డ్రమ్ము ఖాళీ అయ్యేదాకా కామందు గొడుగు కింద కదలకుండా చూశాడు. తర్వాత వచ్చే వారం పక్క చెరువుకి ఎన్ని డ్రమ్ములు తేగలదని ఆమెని అడిగాడు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, కావలసినన్ని అంది.

జక్కయ్య గట్టు మీద ముందుకి వంగి మీరాకి చెయ్యి అందించాడు. మీరా ఆ చెయ్యి అందుకోలేదు. పిక్కలకి చేపపిల్లలు తగులుతుంటే అక్కడే నిలబడి, ఖాళీ బండి కేసి చూస్తున్నాడు.

"జక్కయ్యన్నా, ఆ బండిని ఇంకొక్కసారి గండి దాటించమను" అన్నాడు. "అడుగునుంచి చూడ్డానికి ఇక్కడే బాగుంది."